ఎదురెదురు ఇళ్ళు

రాజంపేటలో మా వీధి మలుపున రెండిళ్ళు ఎదురెదురుగా ఉన్నాయి. రెండింటినీ "కువైటోళ్ళ ఇల్లు" అనే అంటారు. ఒకటి రెండంతస్తుల మేడ. రెండవది రేకుల ఇల్లు. వానవస్తే నట్టింట్లో గిన్నెలు పెట్టుకోవాలి. ఒకే ఊరు, ఒకే కువైటు, ఇంత తేడా ఏమిటా అని చాలాకాలం అనుకునేవాణ్ణి.

మేడ కట్టిన అబ్బాయి పదవ తరగతి ప్యాసై, కరెంటుపని నేర్చుకుని, కంపెనీ ఉద్యోగానికి వెళ్ళాడు. రేకుల ఇంటావిడకు చదువు లేదు. బోరు ఎండి పొలం బీడుపడితే, అప్పుచేసి ఏజెంటు చేతిలో పోసి, ఇంటిపనికి వెళ్ళింది. పది ప్యాసు కానివాళ్ళు కువైటుకు పనికి పోవాలంటే మన ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతించాలి. ఇంటిపనికి పోయే ఆడవాళ్ళకు 30 ఏళ్ళు నిండాలి. ఈ కట్టుబాట్లు వాళ్ళ రక్షణకోసమే. కాని దొడ్డిదారి చూపించే ఏజెంటు ఎదురయ్యేదీ వాళ్ళకే.

2015లో కువైటు ఇంటిపనివాళ్ళకోసం చట్టం చేసింది. రోజుకు 12 గంటలు మించి పని కూడదు, వారానికొక సెలవు ఇవ్వాలి, పాస్‌పోర్టు యజమాని దాచుకోరాదు. మరుసటి ఏడు కనీస జీతం 60 దినార్లన్నారు. బాగానే ఉంది. అయితే చట్టం వీధివాకిలిదాకా వస్తుంది గాని వంటింట్లోకి రాదు. చెప్పకుండా యజమాని ఇల్లు విడిచిపోతే మనిషే నేరస్థురాలవుతుంది. ఈవిడ అలాగే బయటపడి, 2018లో ఆ దేశం ప్రకటించిన క్షమాభిక్ష పుణ్యమా అని జరిమానా లేకుండా ఇల్లు చేరింది. ఊళ్ళో అప్పును మాత్రం ఎవరూ క్షమించలేదు.

తరువాత మా ఇంట్లో పనికి కుదిరింది. ఒకనాడు ఆ కష్టాలన్నీ విని మా ఆవిడ జాలిపడి, "అయ్యో, వారానికో రోజన్నా సెలవిచ్చేవాళ్ళు కాదా?" అంది.

ఆవిడ అంట్లు తోముతూ, తల ఎత్తకుండానే, "మీరిస్తాండారామ్మా?" అంది.

మా ఆవిడ నావంక చూసింది. నేను పత్రిక మొహానికి అడ్డం పెట్టుకున్నాను. అక్షరం ఒక్కటీ కనబడలేదు. కువైటు యజమానులను అప్పటిదాకా తిట్టినవాణ్ణి నేనే మరి!

ఇప్పుడు ఆదివారాలు ఆవిడ రాదు. జీతం కోయడం లేదు. ఆ పూట అంట్లు నావంతు. గిన్నె అడుగున మసి ఎంత మొండిదో ఈ వయసుకు తెలిసింది.

ఆవిడ కూతురు పదవ తరగతి. సాయంకాలం మా వసారాలో కూర్చుని లెక్కలు చేసుకుంటుంది. తల్లి పనిముగించుకుని వెళుతూ గడపదగ్గర ఆగి, "ఈ పది గట్టెక్కితే చాలు సారూ" అంటుంది.

ఆ పిల్లకు లెక్కలు నేను చెబుతున్నాను. ఒక్క లెక్క తప్పినా నాకు భయం వేస్తోంది.