కోత పండుగకు వెళ్లి వచ్చాము

పామర్రు అవతల ఒక పల్లె సంఘము వారు కోత పండుగకు రమ్మని పిలువగా, డిసెంబరులో ఒక ఆదివారము తెల్లవారకముందే విజయవాడలో బందరు బస్సు ఎక్కాము.

ఈ డెల్టా పచ్చదనమంతా కాలువల చలువే. కృష్ణకు 1855లో ఆనకట్ట పూర్తయింది. అది పాడైన తరువాత 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. కంకిపాడు దాటగానే రోడ్డుకు ఇరువైపులా పండిన చేలే. ఇక్కడ వరి కోయకముందే చేలో మినుములు చల్లుతారు. మిషను దించితే మొలకలు చక్రాల క్రింద నలిగిపోతాయని కొందరు నేటికీ మనుషులతోనే కోయిస్తారు. మిగిలిన చేలలో మిషనే. అందుచేత పరిగె కూడా తగ్గిపోయింది. రూతు పరిగె ఏరుకొన్న సంగతి ఈ పల్లెల్లో మన పెద్దమ్మలకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. మా పిల్లలకైతే బస్సులోనే చెప్పవలసి వచ్చింది!

బందరులో నోబుల్ దొరగారి బడి 1843లో మొదలైంది. తొలుత అది పై కులాల పిల్లలకే. 1859లో రాఘవాపురము వెంకయ్యగారు బాప్తిస్మము పొందిన తరువాతనే సువార్త మాలపల్లెలలో పాకింది. చేను లేనివారు, చేనిలో చెమటోడ్చినవారు కట్టుకొన్న సంఘములు మనవి. వండేముందు పిడికెడు బియ్యము ప్రభువు కొరకు తీసిపెట్టే అలవాటు ఆ ఇళ్లలోనిదే.

మందిరము గుమ్మానికి అరటి బోదెలు, లోపల బల్ల ముందు గుమ్మడికాయలు, సొరకాయలు, కొబ్బరికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. ప్రసంగము మధ్యలో ఒక పుంజు కూయగా అయ్యగారు కూడా నవ్వారు.

ఆరాధన ముగిశాక వేలంపాట. ఒక వరి కంకుల కట్ట వచ్చింది. మాకు ముచ్చటేసి పాట పెంచాము. వెనుక నుండి ఒక ముసలమ్మ నూట యాభై వరకు వచ్చి ఆగిపోయింది. పట్నమునుండి వచ్చినవారము, ధారాళముగా ఇవ్వాలనుకొని ఐదువందలన్నాము. కట్ట మాదైంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

అయ్యగారు ప్రక్కకు పిలిచి మెల్లగా చెప్పారు. ఆమెకు సెంటు భూమి లేదు. కంకుల కట్ట ఏటేటా ఆమే పాడుకొంటుంది. తన పేరున ఇంటికి చేరే పంట అదొక్కటే. ఆ సంగతి తెలిసి ఊరివారెవరూ ఆ పాట పెంచరు.

మాకు తల కొట్టేసినట్లయింది. కట్ట తీసికొని వెళ్లి ఇవ్వబోతే ఆమె చేయి చాపలేదు. "దేవుడి కాడ ఊరికే తీసుకోకూడదు బాబూ" అని, కొంగు ముడి విప్పి నూట యాభై రూపాయలు కానుక పెట్టెలో వేసి, అప్పుడు అందుకొన్నది.

భోజనాలయ్యాక ఆమె ఇంటికి వెళ్లాము. కట్టను చూరుకు వ్రేలాడదీస్తున్నది, పిచ్చుకల కోసమట. మమ్మును మంచము మీద కూర్చోబెట్టి టీ ఇచ్చింది. బస్సు వేళయి లేస్తుంటే, "వచ్చే ఏడు మీరు సొరకాయ పాడుకోండి" అన్నది.