ఆవు వ్యాసంలో లేనివి

తెలుగు మీడియంలో చదివిన ప్రతివాడూ ఆవు మీద ఒక వ్యాసం రాసే ఉంటాడు. నేనూ రాశాను. నాలుగు కాళ్ళు, రెండు కొమ్ములు, ఒక తోక, సాధుజంతువు, పాలిస్తుంది, పేడ ఎరువు. ఆ వ్యాసం తోలు దగ్గరే ఆగిపోతుంది. తోలు లోపల ఏముందో నాకు చెప్పింది మా దాదీమా. అక్షరమ్ముక్క రాని మనిషి.

ఆమె లెక్కలో పశువంటే ముందు పని. ఏ కండ ఎంత పని చేస్తే అంత గట్టిపడుతుంది. మెడ కాడి మోసింది, పిక్కలు ఒళ్ళంతా మోశాయి. అందుకే వాటిని రాత్రంతా సన్నటి సెగ మీద ఉడకనివ్వాలి. పిక్కలోని పొరలు కరిగి జిగురైతేనే నిహారీకి చిక్కదనం. వెన్నెముక కింద, లోపలివైపు ఉండే కండ దాదాపు ఏ పనీ చేయదు, వెన్నలా ఉంటుంది. కసాయి దాన్ని అండర్‌కట్ అని పక్కన పెట్టి డబ్బున్నోళ్ళకి అమ్ముతాడు. మా ఇంటికొచ్చేది పనిచేసిన కండే. రాన్ అంటే తొడ, దస్త్ అంటే ముందు జబ్బ, సీనా అంటే రొమ్ము. పసలీ పదమూడు జతలు.

ఇక పొట్ట. సైన్సు పుస్తకం నాలుగు గదులని బొమ్మ గీసి వదిలేస్తుంది. దాదీమా నాలుగింటినీ సున్నం నీళ్ళలో కడిగేది. ఒకటి తువ్వాలులా నూగు, రెండోది తేనెపట్టులా గళ్ళు, మూడోది పుస్తకంలా పొరలు, నాలుగోది జారుడు. గడ్డి పీచు పోయేదాకా ఆ పొరలన్నీ ఒక్కొక్కటే తిప్పేది. (ఉర్దూలో బోటీ అంటే మాంసం ముక్క, మా తెలంగాణ తెలుగులో బోటి అంటే ఈ పొట్టా పేగులూ. రెండు భాషల మధ్య పెరిగినోడికి ఆకలప్పుడు ఇదో తికమక.)

ఇంట్లో ఇన్ని పేర్లున్నదానికి గడప దాటితే ఒకటే పేరు, 'బడే కా'. అదీ గొంతు తగ్గించి. మాదిగ దోస్తులు 'పెద్దకూర' అనేవాళ్ళు, వాళ్ళూ గొంతు తగ్గించే. 'గొడ్డుమాంసం' అన్న మాటని నేను కూర పేరుగా కన్నా తిట్టుగానే ఎక్కువ విన్నాను. అద్దెకి ఇల్లడిగితే ఓనరు ఆ మాట కూడా అనడు. 'మీరు... తింటారా?' అంటాడు. ఆ ఖాళీలో ఆయన పెట్టుకునేది ఆవుని.

మేం తిన్నది దున్న, లేదంటే ముసలి ఎద్దు. 1977 చట్టం ప్రకారం ఇక్కడ ఆవుని కోయడం నేరం. ఎద్దుకైనా బర్రెకైనా ఇక పనికిరాదన్న సర్టిఫికెట్ ఉండాలి. దాదీమాకి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు, కొవ్వు చూసి చెప్పేది. తెల్లగా ఉంటే బర్రెజాతి, పసుపు తిరిగితే ఆవుజాతి. పచ్చిమేతలోని పసుపుని బర్రె ఒళ్ళు విటమిన్‌గా మార్చేసుకుంటుంది, ఆవుజాతిది కొంత కొవ్వులో మిగులుతుంది.

2015లో దాద్రీ దగ్గర అఖ్లాక్‌ని కొట్టి చంపినవాళ్ళు ఏ రంగూ చూడలేదు. ముందు మనిషి పోయాడు, తర్వాత మాంసం పరీక్షకి పోయింది. మొదటి నివేదిక మేకజాతి అంది. 2016లో బయటికొచ్చిన ఇంకోటి ఆవుజాతి అంది.

మా అబ్బాయికి ఈ పేర్లేవీ రావు. ప్యాకెట్ మీద బోన్‌లెస్ అని చూసి కొంటాడు. ఆఫీసులో టిఫిన్ విప్పితే మాత్రం మటన్ అంటాడు. వాడి జీతానికి మటన్ నెలకి రెండుసార్లు కూడా రాదు.