విదేశయానంలో మన తల ఊపు

ఆఫ్రికాలోనో దక్షిణ అమెరికాలోనో కొన్ని దేశాలకు వెళ్ళదలచినవారు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌కు వచ్చి ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుంటారు. టీకా తీసుకున్న 10 రోజులకు ఆ ధ్రువపత్రం చెల్లుబాటులోకి వస్తుంది. 2016 జూలై నుండి దానిని జీవితకాలానికి చెల్లేదిగా గుర్తిస్తున్నారు. రోగానికి ఇంత ఏర్పాటు ఉన్నది. పరాయి దేశంలో మన మర్యాదలు, సైగలు తెచ్చిపెట్టే అపార్థానికి మాత్రం టీకా లేదు. దానికి ముందుగా తెలుసుకొని ఉండటమే రక్షణ.

చిక్కడపల్లి, అశోక్‌నగర్ ప్రాంతాలలో పిల్లలు విదేశాలలో స్థిరపడిన కుటుంబాలు అనేకం. త్యాగరాయ గానసభలో కచేరీ ముగిసిన తరువాత నా ఈడువారు కలిస్తే, మాటలు సహజంగానే ప్రయాణాల వైపు మళ్ళుతాయి. రక్తపోటు మాత్రలు ఎన్ని నెలలకు తీసుకుపోవాలి, బీమా ఎంతకు చేయించాలి అని నన్ను అడుగుతారు. అక్కడి వైద్యుని ముందు ఎలా మాట్లాడాలో అడిగినవారు బహు స్వల్పం.

మనం అవుననటానికి తలను ఇటు అటు మెల్లగా ఊపుతాం. అది ఒక్కోసారి అంగీకారం, ఒక్కోసారి గౌరవం, ఒక్కోసారి ‘వింటున్నాను, చెప్పండి’ అనటం. అమెరికాలో దానిని ‘కాదు’ అనో, ‘తెలియదు’ అనో అనుకోవచ్చు. బల్గేరియాలోనైతే సంప్రదాయం ప్రకారం నిలువుగా ఊపటమే కాదనటం, అడ్డంగా ఊపటమే అవుననటం. బొటనవ్రేలు పైకెత్తి చూపటం మనకు మెచ్చుకోలు. పశ్చిమాసియాలో కొన్నిచోట్ల పెద్దలు దానిని అవమానంగా భావిస్తారు.

ఇవి కేవలం వినోదపు విషయాలు కావు. మా ప్రాంతపు పెద్దమనిషి ఒకరు గుండె లయ తప్పినందున రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడుతుండేవారు. అమెరికాలో కూతురింటికి వెళ్ళినప్పుడు మంచుపట్టిన మెట్టుపై జారి పడగా తలకు దెబ్బ తగిలింది. ఆసుపత్రిలో నర్సు, ‘రక్తాన్ని పలుచన చేసే మందులు వాడుతున్నారా?’ అని అడిగింది. ఆయన మన పద్ధతిలో తల ఊపారు. ఆమె ‘లేదు’ అని నమోదు చేసుకున్నది. ప్రక్కనున్న కూతురు అది గమనించి సరిదిద్దినది. అటువంటి మందులు వాడేవారికి చిన్న దెబ్బకు కూడా పుర్రెలోపల రక్తస్రావం జరగవచ్చు. అది కొన్ని గంటల వరకు బయటపడకపోవచ్చు. స్కానింగ్ చేయాలా వద్దా అనే నిర్ణయంలో ఆ ఒక్క సమాధానం విలువ చాలా పెద్దది.

మన మరొక మర్యాద ‘ఫర్వాలేదండీ’ అనటం. భోజనం వడ్డిస్తే మొదట వద్దంటాం. నొప్పి ఎంత అని అడిగినా అదే నోటితో తక్కువ చేసి చెబుతాం. అక్కడ నొప్పిని 0 నుండి 10 వరకు అంకెలలో చెప్పమంటారు. సహించలేని నొప్పికి 3 అని చెబితే వారు 3 అనే నమ్ముతారు. మొహమాటం విందులో శోభిస్తుంది. వైద్యుని వద్ద హాని చేస్తుంది.

వయసులో చిన్నవారైన వైద్యులు పేరు పెట్టి పిలిస్తే అది అగౌరవం కాదు. కుమారుని అడగక నేరుగా మిమ్మల్నే అడిగితే అది మీకిచ్చే గౌరవమే. పరీక్షకు ముందు చీర విడిచి గౌను ధరించమంటే, స్త్రీలు మహిళా సిబ్బంది ఉండాలని నిస్సంకోచంగా కోరవచ్చు. ఫెడరల్ నిధులు పొందే ఆసుపత్రులు ఇంగ్లీషు రానివారికి దుభాషిని ఉచితంగా ఏర్పాటు చేయవలసి ఉంటుంది. కనుక ‘తెలుగులో మాట్లాడతాను’ అనటానికి సిగ్గుపడనక్కరలేదు.

వస్త్రధారణలోనూ ఆరోగ్యమున్నది. నేలను తాకే చీర కుచ్చెళ్ళు, పంచె, మేజోళ్ళు లేని చెప్పులు మంచుపై ప్రమాదకరం. మధుమేహం వలన పాదాలలో స్పర్శ తగ్గినవారు వట్టి కాళ్ళతో వాకిట్లోకి వెళితే చలి కొరికినా తెలియదు. దుబాయి వెళ్ళేవారు మరొకటి గుర్తుంచుకోవాలి: మన వంటింటి గసగసాలు అక్కడ నిషిద్ధం. కొన్ని నొప్పి మాత్రలు, దగ్గు మందులు కూడా నియంత్రణలో ఉన్నాయి. ప్రేమతో కట్టిన మసాలా పొట్లం చిక్కులు తెచ్చిపెట్టగలదు.

మన అలవాట్లలో తప్పేమీ లేదు. వాటి అర్థం ఎక్కడివరకు చెల్లుతుందో ఎరిగి ఉంటే చాలును. వాడుతున్న మందుల అసలు పేర్లు, మోతాదులు, సరిపడని మందులు ఇంగ్లీషులో వ్రాసిన కాగితాన్ని జేబులో ఉంచుకోండి. బయలుదేరే ముందు వారం రోజులు ఇంట్లో ఒక అభ్యాసం చేయండి: ఎవరు ఏమడిగినా తల ఊపక, ‘ఎస్’ అనో ‘నో’ అనో నోటితో చెప్పండి. మనవలు నవ్వుతారు. నవ్వనివ్వండి.