చౌకబేరము

మన గృహములలో వస్తువును కొనువారొకరు, దానితో దినమెల్ల పనిచేయువారు వేరొకరు. బేరమాడుట పురుషుని నేర్పుగాను, కొనితెచ్చినదానితో సర్దుకొనుట స్త్రీధర్మముగాను మనవారు చిరకాలము క్రిందటనే పంచుకొనిరి. ఆ పంపకము నేటికిని పెక్కు ఇండ్లలో చెల్లుచునే యున్నది. చౌక యెంత, మన్నిక యెంత యను విచారమునకు నేను పూనుకొనుటకు మూలకారణ మిదియే. ఇది వట్టి లెక్కల విషయమైనచో ఎవరి లెక్క వారు వేసికొందురు. పత్రికకు వ్రాయ నవసరము లేదు. కాని మిగిలిన రూపాయలు ఒకరి జేబులోను, సరకు చెడినప్పటి శ్రమ మరియొకరి రెక్కలమీదను పడుచుండగా దానిని వట్టి లెక్క యనుట యెట్లు?

మా వీథిలో నొక గృహస్థుడు పండుగ తగ్గింపులలో మిక్సీని కొనెను. దుకాణమువాడు మొదట చూపినదానికన్న నిది 900 రూపాయలు తక్కువ. ఐదుగురున్న కుటుంబము, ఇడ్లీపిండి, పచ్చడి, కారపుపొడి తప్పని యిల్లు. పూచీ పండ్రెండు నెలలకు తీరినది. పదునాలుగవ నెలలో మినపపప్పు రుబ్బుచుండగా మోటారు కాలి పొగ వచ్చినది. మరమ్మతువాడు వైండింగు తిరిగి చుట్టి యిచ్చుటకు మూడు వారములు పట్టెను. ఆ మూడు వారములును ఇంటి కోడలు పెరటిలోని రోటిని కడిగి దినమునకు గంటసేపు రుబ్బినది. అవి 21 గంటలు. 900 రూపాయలను 21 చేత భాగించి చూడుడు: గంటకు 42 రూపాయలు చిల్లర. మామగారు చేసిన ఆదా యనగా, కోడలి శ్రమను ఆ ధరకు ముందుగనే అమ్మివేయుట. ఆ సొమ్ము ఆమెకు ముట్టలేదు. ఆ బేరములో ఆమె మాట ఎవరును అడుగలేదు. పైగా, ఈ కాలపు ఆడువారికి రోలు చేతకాదను అత్తగారి వ్యాఖ్య యొకటి ఉచితముగ లభించినది.

వెలను సంవత్సరములచే భాగింపుమని పెద్దలు చెప్పుదురు. 2,000 రూపాయల వస్తువు రెండేండ్లు పనిచేసిన ఏటికి వేయి. 4,500 రూపాయలది తొమ్మిదేండ్లు పనిచేసిన ఏటికి ఐదువందలు. బడిపిల్లవాడును వేయగల లెక్క. చిక్కంతయు ఆ తొమ్మిది యను అంకె యెచ్చట దొరకు ననుటలో నున్నది. అమ్మువాడు చెప్పడు, చెప్పినను నమ్మరాదు. పూచీపత్రములో పెద్దయక్షరములతో ఐదేండ్లని యుండును. చిన్నయక్షరములలో అది మోటారునకు మాత్రమే యనియు, జారులకును, కప్లరునకును, కార్బన్లకును వర్తింపదనియు ఉండును. చెడునవి తరచుగ ఆ చిన్న వస్తువులే.

కావున నేను దుకాణమునకు పోవుటకు ముందు మరమ్మతుకొట్టునకు పోవుదును. అచ్చటి అరలమీద ఏ పేరు గల యంత్రములు పడియున్నవో చూచి వానిని మానుకొనుట చాలునని కొందరందురు. ఇది సరికాదు. ఎక్కువగ అమ్ముడుపోయిన సరకే ఎక్కువగ మరమ్మతునకు వచ్చును. ఊరిలో నూరున్నచోట పది చెడుట, ఐదున్నచోట మూడు చెడుటకన్న మేలు కదా. అందుచే, ఏది చెడిపోవుచున్నదని గాక, చెడినదానిలో ఏది సాయంకాలమునకు బాగుపడి యింటికి పోవుచున్నదని అడుగవలెను. ఆ ప్రశ్నకు మరమ్మతువాడు తడుముకొనక జవాబు చెప్పును. వానికి అమ్మకములో కమీషను లేదు.

ఇంటి పంకాల విషయములో ఈ ప్రశ్న మరింత ముడిపడియున్నది. పాతతరహా సీలింగు ఫ్యాను ఇంచుమించు 75 వాట్లు తినును. ఇప్పటి బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో తిరుగును. దినమునకు 12 గంటలు, ఏటికి 300 దినములు తిరిగిన తేడా 162 యూనిట్లు; యూనిటు ఆరు రూపాయల వంతున 972 రూపాయలు. వెలలో 1,500 రూపాయల వ్యత్యాసమున్నను ఏడాదిన్నరలో తీరిపోవును. 2023 జనవరి నుండి సీలింగు ఫ్యానులకు నక్షత్రముల చీటీ తప్పనిసరియైనందున ఈ లెక్కకు కావలసిన అంకెలు డబ్బాపైననే దొరకును. ఇంతవరకు క్రొత్తదానిదే గెలుపు. కాని పాతఫ్యాను మందగించిన వీథి చివరి ఎలక్ట్రీషియను కండెన్సరు మార్చి, స్వల్పవ్యయముతో గడియలో త్రిప్పును. క్రొత్తదానిలో ఎలక్ట్రానిక్ బోర్డు కాలినచో దానిని బాగుచేయువాడు పట్టణమున గాని యుండడు. నగరవాసికి నేను క్రొత్తదానినే కొనుమందును. వోల్టేజి నిలుకడ లేని పల్లెలో, ఒకే గదిలో పసిబిడ్డతో నున్న తల్లికి అదే మాట చెప్పుటకు ముందు, ఆ కంపెనీ మరమ్మతుశాల ఎన్ని మైళ్ల దూరమున నున్నదని విచారింతును.

అధికవెల పెట్టినంతమాత్రమున మన్నిక చేకూరునను భ్రాంతియు మనలో కలదు. సారెలో పంపవలెనని కన్నవారు అప్పుచేసి పెద్ద వాషింగు మెషీను కొందురు. అత్తవారింట కుళాయినీరు రెండు దినముల కొకసారి వచ్చుచుండును. ఆ యంత్రముపై కుట్టుపని గుడ్డ కప్పి, దానిమీద పూలకుండీ నుంచుదురు. అది యంత్రము కాదు, కట్నమునకు మారుపేరు.

ప్రాణముతో ముడిపడిన వస్తువులయందు వెల మాట ఎత్తరాదని నా యభిప్రాయము. ప్రెషరు కుక్కరు మూతకు గల సేఫ్టీవాల్వు అట్టిది. గృహోపయోగ కుక్కరులకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి చేయుచు 2020లో కేంద్రప్రభుత్వ ముత్తరువు వెలువరించెను. అయినను ఆ ప్రమాణమునకు లొంగని కుక్కరులు అంతర్జాలపు అంగళ్లలో అమ్ముడుపోయినవి. 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణసంస్థ ఒక పెద్ద అంగడికి లక్షరూపాయల జరిమానా వేసి, అమ్మిన 2,265 కుక్కరులను వెనుకకు రప్పించి వెల తిరిగి యిమ్మని యాజ్ఞాపించినది. పొయ్యిదగ్గర నిలుచువారెవరో తలచుకొన్న చాలును.

కార్ల చరిత్రయు ఇట్టిదే. 2008లో లక్షరూపాయల కారని నానోను ప్రకటించినప్పుడు, నలుగురు మనుష్యులు ఒకే స్కూటరుపై వానలో తడియుచు పోవు దుస్థితిని తొలగింపవలె నన్నది దాని వెనుకనున్న సంకల్పము. దానిని నేను పరిహసింపను. కాని 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వారు గంటకు 64 కిలోమీటర్ల వేగమున ఢీకొట్టించి చూచినప్పుడు, నానోతోపాటు మరి నాలుగు చిన్నకార్ల చౌకరకములకు పెద్దల రక్షణలో సున్న నక్షత్రములు వచ్చినవి. ఆ నాలుగింటిలో నొకటియైన పోలోకు రెండు ఎయిర్‌బ్యాగులు అమర్చి తిరిగి పరీక్షింపగా నాలుగు నక్షత్రములు వచ్చెను. అదే కారు, అదే తలుపులు! తరువాత 2019 జూలై నుండి క్రొత్తకార్లలో నడుపువాని యెదుట ఎయిర్‌బ్యాగు తప్పనిసరి యైనది. ప్రక్కసీటువారు మాత్రము 2021 వరకు వేచియుండవలసి వచ్చినది. మన కుటుంబములలో ప్రక్కసీటులో సాధారణముగ ఎవరు కూర్చుందురో చెప్ప నక్కరలేదు.

ఇంతవరకు చదివి, చౌకసరకు కొనువారినెల్ల నేను నిందించుచున్నానని తలపరాదు. ఏటికి ఐదువందలు పడు వస్తువును కొనవలెనన్నను 4,500 రూపాయలు ఒక్కమారు చేత నుండవలెను. అది లేనివారు ఏటికి వేయి పడుదానినే కొని, మరల కొని, కలవారికన్న ఎక్కువ చెల్లింతురు. దీనిని సింగరు కుట్టుమిషను వర్తకులు 1856 ప్రాంతముననే గ్రహించిరి. వాయిదాలపై యంత్రమునిచ్చి, ఒక్కసారి వెల పెట్టలేని కుటుంబములకును దానిని అందించిరి. వారి యుద్దేశము లాభమే. ఐనను మంచి పనిముట్టు పేదయింట ప్రవేశించినది. నేడు మన డ్వాక్రా సంఘములలో అప్పు తీసికొను స్త్రీలకు ఆ వాయిదా సౌకర్యము కలదు. కాని అప్పు మంజూరైన నాడు మిషను కొనుటకు పోవువాడు తరచుగ మగడే యగుచున్నాడు.

మా యెరుకలో నొక దర్జీపని చేయు నామె అట్లు పోనీయలేదు. తానే పోయి, క్రొత్త తేలికమిషను వలదని, ఒక దర్జీ అమ్మదలచిన పాత ఇనుపమిషనును చూచినది. చక్రమును చేతితో త్రిప్పి ఎచ్చటనైన పట్టుచున్నదా యని చూచెను. జీనుగుడ్డను నాలుగుమడతలు పెట్టి కుట్టి, వెనుకకు త్రిప్పి, క్రిందిదారము ఉచ్చులుగ లేచినదా యని పరీక్షించెను. బాబిను కేసును ఊడదీసి, అట్టిది తమ ఊరి కొట్టులో దొరకునో లేదో కనుగొని రమ్మని కొడుకును పంపినది. వాడు తిరిగి వచ్చువరకు డబ్బు సంచి తెరువలేదు.