కాళ్లు లేని నెమళ్లు

మా తమ్ముడు 2018 వేసవికి ముందు ఓ సెకండ్‌హ్యాండ్ పికప్ వ్యాను కొన్నాడు. నూజివీడు తోటల నుంచి నున్న మార్కెట్‌కి మామిడికాయలు తోలాలని వాడి ఆలోచన. సగం ఫైనాన్సు, సగం అమ్మ గాజులు.

వారం తిరక్కుండానే బండిని విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్లాడు. పెళ్లికొడుకుని చెయ్యాలట! తోడు నన్నూ లాక్కెళ్లాడు. ముందు స్టీలు గార్డు, క్యాబిన్ మీద నీలం లైట్లు, చెవులు చిల్లులుపడే ఎయిర్ హారన్ పెట్టించాడు. ‘‘ఇవన్నీ ఎందుకురా?’’ అంటే, ‘‘బండి కళగా ఉంటేనే కిరాయికి పిలుస్తారక్కా’’ అన్నాడు.

చివరగా పెయింటర్ దగ్గరికెళ్లాం. అరవై దాటిన పెద్దాయన. వెనక తలుపు నిండా నెమళ్ల జంట, పైన ‘అమ్మ దీవెన’ అని అక్షరాలు. అన్నిటికీ సరేనన్నాడు కానీ, తలుపు అడుగున అడ్డంగా అంటించి ఉన్న ఎర్ర మెరుపు పట్టీ దగ్గర ఆగిపోయాడు.

‘‘దీనిమీద కుంచె పెట్టను బాబూ. ముందు తెల్లది, పక్కల పసుపుది, వెనక ఎర్రది... చీకట్లో నీ బండి ఉందని పదిమందికీ చెప్పేవి ఇవే.’’

‘‘కాళ్లు లేని నెమళ్లేంటండీ, చూసినవాళ్లు నవ్వరూ?’’ అని తమ్ముడు గొడవ. ఆయన వినలేదు. అప్పటికే అడ్వాన్సు ఇచ్చేశాం కాబట్టి వీడే తగ్గాడు.

గార్డు ముచ్చట నెల కూడా నిలవలేదు. తనిఖీలో ఆపి జరిమానా రాశారు. అలాంటి గార్డులు చట్టవిరుద్ధమంటూ కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు లేఖ రాసిందట. గుద్దితే ఎదుటి మనిషికి దెబ్బ మరీ గట్టిగా తగులుతుందని చెప్పారు. గార్డుతోపాటు హారనూ, నీలం లైట్లూ ఊడదీయించాడు. డబ్బులు పోయాయని అమ్మ రెండ్రోజులు వాడితో మాట్లాడలేదు.

మే నెలలో ఓ రాత్రి నున్నలో కాయ దించి ఖాళీగా వస్తుంటే, ఫ్యూజు పోయి లైట్లన్నీ ఒక్కసారే ఆరిపోయాయి. రోడ్డు వారగా ఆపి ఇంకా డోరు కూడా తీయలేదు, వెనక లారీ బ్రేకులు కీచుమన్నాయి. బండికి బారెడు దూరంలో ఆగింది. డ్రైవరు దిగి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టి, ఆనక వణుకుతున్న గొంతుతో ‘‘ఆ ఎర్ర పట్టీ మెరిసింది కాబట్టి సరిపోయింది తమ్ముడూ’’ అన్నాడట.

ఈ సంగతి వాడు అమ్మకి చాలాకాలం చెప్పలేదు. ఆ సీజన్ అయ్యేలోపు మాత్రం ఓ బుట్టెడు రసాలు తీసుకెళ్లి ఆ పెద్దాయనకిచ్చి వచ్చాడు.

తర్వాత బండికి రెండుసార్లు రంగు వేయించాడు. రెండుసార్లూ పెయింటర్లు అడిగారు, నెమళ్లకి కాళ్లు కూడా దించేద్దామా అని. వద్దన్నాడు.

ఇప్పటికీ బండి తీసేముందు ముందువైపు నిమ్మకాయ, మిరపకాయలు అమ్మ కడుతుంది. వెనక పట్టీ మీద దుమ్ము వాడు తుడుస్తాడు.