అడగని పాఠకుడి కోసం

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమంటే, ఈ సెమిస్టరులో నేను చేస్తున్న పని గురించే రాస్తున్నాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేనే. ఇప్పుడు ఎం.టెక్. ఎంబెడెడ్ సిస్టమ్స్ రెండో సంవత్సరం. "ఏం చదువుతున్నావురా?" అని మా నాన్న అడిగితే, "చిన్న చిప్పుకు బుద్ధి ఎక్కించే చదువు నాన్నా" అని చెబుతుంటాను.

ఆ చిప్పునే మైక్రోకంట్రోలర్ అంటారు. వాషింగ్ మెషీన్లోనూ, కొత్త కరెంటు మీటర్లోనూ ఉండేది అదే. మా ల్యాబ్‌లో వాడేది 2016లో వచ్చిన ఈఎస్‌పీ32. రాసిన ప్రోగ్రామును దాని ఫ్లాష్ మెమరీలోకి ఎక్కించడానికి ఈఎస్‌పీటూల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఇన్నాళ్లూ కమాండ్లు మేమే కొట్టేవాళ్లం. ఇప్పుడు ఆ పనిని ఏఐ ఏజెంట్లు కూడా చేస్తున్నాయి. ఏజెంటు అంటే జవాబు చెప్పి ఊరుకునేది కాదు. తానే కమాండ్ ఇచ్చి, ఫలితం చదువుకుని, తర్వాతి పనికి దిగే ప్రోగ్రాము. అది చదవడానికి ఈ టూల్ గురించి సూచనలు రాయడం నాకు అప్పగించిన పని.

మనిషి కోసం రాసిన పాత నోట్సులో "బూట్‌లోడర్‌ను దాని చోట రాయాలి" అని ఉంది. ఏ చోట అన్నది తెలియకపోతే మనం పక్కవాణ్ణి అడుగుతాం. ఏజెంటు చాలాసార్లు అడగదు, తనకు తోచిన అంకె వేసేస్తుంది. ఈఎస్‌పీ32లో ఆ చోటు హెక్సాడెసిమల్ 1000. దాని తమ్ముడు ఎస్3 చిప్పులో సున్నా. అందుకే మొదటి సూచన ఇలా రాశాను: ముందు చిప్పు ఏదో కనుక్కో, తర్వాతే రాయి.

రెండోది ఇంకా ముఖ్యం. ఫ్లాష్ మెమరీ పలక లాంటిది. 4096 బైట్ల చొప్పున చెరిపి మళ్లీ రాయవచ్చు. అదే చిప్పులో ఈఫ్యూజ్ అనేది పచ్చబొట్టు లాంటిది. అందులో ఒక బిట్టు 1 అయితే మళ్లీ 0 కాదు. రహస్య తాళాలు, భద్రతా సెట్టింగులు ఉండేది అక్కడే. ఈఫ్యూజ్ రాసే టూలు ముందుగా "బర్న్" అనే మాట టైపు చేయమంటుంది. మనిషి చెయ్యి ఒక్క క్షణం ఆగాలనే ఆ ఏర్పాటు. ఏజెంటుకు చెయ్యి వణకదు కదా! అందుకే, "ఈఫ్యూజ్ జోలికి వెళ్లకు. అవసరమైతే ఆగి, మనిషికి చెప్పి, జవాబు వచ్చేదాకా ఉండు" అని రాశాను.

మూడోది, పని అయిందో లేదో ఎలా తెలుస్తుంది? రాసిన డేటా సరిపోలిందని టూలు చెప్పాలి. ఆ మాట రాకుండా "అయిపోయింది" అనకూడదు. బోర్డు మీది బూట్ బటన్ నొక్కాల్సి వస్తే ఏజెంటుకు చేతుల్లేవు, మనిషిని అడగాలి.

ఇవి రాస్తున్నప్పుడు నాకు మన హాస్టలే గుర్తొచ్చింది. బీ.టెక్. అడ్మిషన్ అప్పుడు నా చేతికొచ్చిన కాగితంలో "సంబంధిత పత్రాలు జతచేయవలెను" అని ఉంది. ఏ పత్రాలో రాయలేదు. చదువుకున్న ఇంట్లో అయితే నాన్నో మామయ్యో చెబుతారు. మా ఇంట్లో ఎవరు చెబుతారు? అడగడానికి నాకు మొహమాటం. ఒక సీనియర్ అన్న నోట్‌బుక్ కాగితం చించి కులం, ఆదాయం, స్టడీ సర్టిఫికెట్లు, టీసీ అని వరసగా రాసిచ్చాడు. కింద, "వెబ్ ఆప్షన్లు ఫ్రీజ్ చేసే ముందు ఎవరికైనా చూపించు, తర్వాత మార్చలేవు" అని గీత గీసి మరీ రాశాడు. పలక ఏదో, పచ్చబొట్టు ఏదో ఆ కాగితం నాకు చెప్పింది.

"అందరికీ తెలిసిందే కదా" అని వదిలేసిన వాక్యం దగ్గరే మనలాంటివాళ్లు ఆగిపోతారు. యంత్రం కోసం ఇప్పుడు ఆ వాక్యాలన్నీ ఓపికగా రాస్తున్నాం. మనుషుల కోసమూ రాయాలి కదా!

తమ్ముళ్లూ, హాస్టల్లో ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టండి. స్కాలర్‌షిప్పు, కౌన్సెలింగ్, ఇంటర్వ్యూ, మీరు ఏది దాటితే దాని గురించి ఒక పేజీ రాయండి. ఏ పని ఎలా మొదలుపెట్టాలి, ఎక్కడ ఆగి అడగాలి, ఏది మళ్లీ దిద్దుకోలేం అన్న మూడూ ఉంటే చాలు. అన్నలు సెలవులకు వచ్చినప్పుడు తలా ఒక పేజీ ఇవ్వండి. మొదటి పేజీ నేను రాసి పంపుతాను.