పాప కుళ్లాయి

మా కావేరిపాక్కంలో అరవవాళ్ళు కుల్లా అంటారు, మనం కుళ్లాయి అంటాం. రెండూ పారసీ కులాహ్ నుంచి వచ్చినవే. కన్నడ రాజు కొలువుకు కుల్లాయి పెట్టుకుని పోవాల్సొచ్చిందని శ్రీనాథుడి పేరున ఒక చాటువు కూడా ఉంది. ఇప్పుడది మా ఇళ్ళల్లో పసివాళ్ళకే మిగిలింది.

మా చెల్లెలి మనవరాలు మార్గళిలో, నెల ముందే పుట్టింది. రెండు కిలోలు కూడా లేదు. మార్గళి తెల్లవారుజామున మా చెరువు గాలికి పెద్దవాళ్ళమే వణుకుతాం. పసిబిడ్డకి ఒంటితో పోలిస్తే తల పెద్దది, వేడి అక్కణ్ణుంచే చాలా పోతుంది.

నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఆ అల్లిక అందమంతా కన్నాల్లోనే ఉంది. బిడ్డ కుళ్లాయికి కన్నాలు పనికిరావు. క్రోషా సూది అదే, అల్లిక మాత్రం దట్టంగా రావాలి.

పాప తల 30 సెంటీమీటర్లు. కుళ్లాయి 28 ఉంటే జారదు. నడినెత్తిన ఆరు కుట్లతో మొదలుపెట్టి, బిళ్ళ 9 సెంటీమీటర్ల వెడల్పు అయ్యేదాకా కుట్లు పెంచాలి. ఆ తర్వాత పెంచకుండా చుట్టూ తిరుగుతూ కిందికి దిగడమే: ఒక పొట్టి కుట్టు, ఒక పొడుగు కుట్టు. చుట్టుకి కుట్లు బేసి సంఖ్యలో ఉంటే, పొట్టిదాని మీదికి పొడుగుది దానంతటదే వస్తుంది. పైన పనసతోలు మాదిరి బొడిపెలు తేలతాయి, నూలు మెత్తగా ఉంటే గుచ్చుకోవు. పూసలు, రిబ్బన్లు వద్దు. ఇంటికొచ్చాక నిద్రలో కుళ్లాయి తీసేయమన్నారు డాక్టరమ్మ.

మొన్న తూకం రెండు కిలోల మూడొందలు. "అక్కా, బిగుతవుతా ఉంది" అని చెల్లెలు ఫోను చేసింది. 30 కొలతకి ఇంకోటి మొదలుపెట్టాను.